పచ్చళ్ళ షాపు వెబ్‌సైట్: అన్నీ పెట్టినా ఫోన్ ఎందుకు మోగుతోంది?

"వెల్లుల్లి లేకుండా ఆవకాయ ఉందా అండీ?" "కిలో ఎంత?" "హైదరాబాద్‌కి ఎన్ని రోజుల్లో వస్తుంది?" "మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అక్కడికి పంపుతారా?" నిల్వ పచ్చళ్ళు అమ్మే ఏ షాపులో ఓ గంట కూర్చున్నా ఈ నాలుగు ప్రశ్నలే తిరిగి తిరిగి వినిపిస్తాయి. ఆ షాపుకు వెబ్‌సైట్ ఉంటుంది, అదీ బాగానే డబ్బు పోసి చేయించినదే. అయినా ఫోన్ ఆగదు. సైటు తెరవగానే కనిపించేది సంక్రాంతి శుభాకాంక్షల బ్యానర్, అది కూడా జూన్ నెలలో. దాని వెనకే జారుకుంటూ వచ్చే ఇంకో మూడు బొమ్మలు. వాటి కింద "నాణ్యతే మా లక్ష్యం" అని పెద్ద అక్షరాలు. కిలో ఎంతో తెలియాలంటే ఇంకో మూడు చోట్ల నొక్కాలి.

వెబ్‌సైట్ డిజైన్ అనగానే రంగులు, బొమ్మలు, కదలికలు గుర్తుకొస్తాయి. చిన్న వ్యాపారానికి వాటికంటే ముందు కావాల్సింది ఒకటుంది. కౌంటర్ వెనక నిలబడే మనిషి చేసే పని సైటు చేయాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి, తూకం వేయాలి, డబ్బు తీసుకోవాలి, పార్శిల్ ఎప్పుడు వస్తుందో చెప్పాలి. ఈ లెక్కన చూస్తే ఫోన్లో రోజూ వచ్చే ప్రశ్నలే సైటులోని లోపాల జాబితా. ఓ వారం ఫోన్ పక్కన నోటు పుస్తకం పెట్టుకుని ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీస్తే ఏది ముందు బాగుచేయాలో తేలిపోతుంది. డిజైనర్ దగ్గరకు పక్క షాపు సైటు లింకు పట్టుకుని వెళ్ళి "ఇలాగే కావాలి" అనడం కంటే ఆ పుస్తకం పట్టుకెళ్ళడం మేలు.

ప్రతి షాపుకూ సొంత సైటు అక్కర్లేదు, ఆ మాటా చెప్పుకోవాలి. చుట్టుపక్కల రెండు వీధులకే అమ్మే కర్రీ పాయింట్‌కు గూగుల్ మ్యాప్స్‌లో సరైన చోట పిన్ను, తెరిచే వేళలు, ఫోన్ నంబరు, పది ఫొటోలు ఉంటే చాలు. అది ఉచితం కూడా. ఊరు దాటించి సరుకు పంపేవాళ్ళ లెక్క వేరు. ఆత్రేయపురం పూతరేకులు, మంగళగిరి చీరలు, కొండపల్లి బొమ్మలు కొనేవాళ్ళలో చాలామంది ఆ షాపు గడప ఎప్పుడూ తొక్కరు. వాళ్ళకు సైటే షాపు. ఇక్కడ పచ్చళ్ళ షాపునే పట్టుకోవడానికి కారణం, చిన్న సైట్లలో వచ్చే చిక్కులన్నీ దాదాపు దానికే వస్తాయి.

ముందు తెరుచుకోవాలి

ఫోన్ కెమెరాతో తీసిన 12 మెగాపిక్సెళ్ళ ఫొటో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 పిక్సెళ్ళు ఉంటుంది. సైజు మూడు, నాలుగు ఎంబీలు. దాన్ని అలాగే సైటులోకి ఎక్కిస్తారు. ఇరవై రకాల పచ్చళ్ళకు ఇరవై ఫొటోలంటే ఆ ఒక్క పేజీ 60 నుంచి 80 ఎంబీలు. ఊరి చివర సిగ్నల్ ఒక గీతే ఉన్న ఫోన్లో అది ఎప్పటికి తెరుచుకోవాలి? నిజానికి ఫోన్ తెరకు అడ్డంగా వెయ్యి పిక్సెళ్ళు దాటి పెద్దగా అవసరం ఉండదు. ఆ కొలతకు కుదించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే అదే ఫొటో వంద, రెండు వందల కేబీలకు దిగుతుంది. పచ్చడి మీద తేలిన నూనె మెరుపు ఎక్కడికీ పోదు.

దీనికి గూగుల్ మూడు కొలతలు పెట్టింది. పేజీలో ముఖ్యమైన బొమ్మ గానీ అక్షరాలు గానీ 2.5 సెకన్లలోపు కనిపించాలి. ఏదైనా నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు కదలిక ఉండాలి. మూడోది పేరుకు చిన్నదే కానీ జనాన్ని బాగా విసిగించేది. "అరకిలో" నొక్కబోతుంటే పైన బ్యానర్ ఆలస్యంగా వచ్చి పడి, పేజీ అంతా కిందికి జరిగి, వేలు పోయి "రెండు కిలోలు" మీద పడుతుంది. ఈ జరుగుడుకు కూడా ఒక లెక్క ఉంది, అది 0.1 దాటకూడదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో సైటు అడ్రసు వేస్తే ఈ అంకెల్లో చాలావరకు చూపిస్తుంది. చాలా షాపు సైట్లలో దోషి ఆ జారే బ్యానరే. దాన్ని తీసేయడానికి పది నిమిషాలు పట్టదు, కానీ యజమానిని ఒప్పించడానికి నెల పడుతుంది.

తెలుగు అక్షరం దగ్గర వచ్చే చిక్కు

తెలుగు నేలమీద డీటీపీ పని చాలా ఏళ్ళు అను ఫాంట్ల మీద నడిచింది. కరపత్రాలు, పెళ్ళి కార్డులు, సీసా లేబుళ్ళు అన్నీ అందులోనే. ఆ ఫాంట్‌లో కొట్టిన అక్షరం కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. వేరే గుర్తులకు తెలుగు రూపం తొడిగినట్టు ఉంటుంది, అంతే. ఆ ఫాంట్ లేనిచోట అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని ప్రింటింగ్ షాపువాళ్ళు కరపత్రాన్ని బొమ్మగా చేసి పంపుతారు, సైటు చేసేవాళ్ళు ఆ బొమ్మనే తెచ్చి "మా ధరలు" పేజీలో పెడతారు. ఇక ఆ పేజీని గూగుల్ సరిగా చదవలేదు. చూపులేనివాళ్ళ ఫోన్ దాన్ని పైకి చదివి వినిపించలేదు. అందులో ఉన్న ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళ్ళదు. ధర మారితే మళ్ళీ ప్రింటింగ్ షాపుకు పరుగు. ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించడం ఒక్కరోజు పని. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు కూడా ఉన్నాయి, కాకపోతే వత్తుల దగ్గర ఒకసారి కన్ను వేయాలి.

ఫాంట్లకు కొరత లేదు. మండలి, మల్లన్న, సూరన్న, గురజాడ, నోటో సాన్స్ తెలుగు అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లాంటి దిట్టమైన ఫాంట్ శీర్షికకు నిండుగా ఉంటుంది. దానితోనే పేరాలు కూడా నింపితే ఎన్నికల పోస్టర్ చదివినట్టుంటుంది.

ఫాంట్ బాగున్నా టెంప్లేట్ ముంచుతుంది. రెడీమేడ్ టెంప్లేట్లు, అంటే ముందే తయారుచేసి ఉంచిన సైటు అచ్చులు, ఇంగ్లిష్‌ను చూసి కట్టినవి. వరసకీ వరసకీ మధ్య అక్షరం కొలతకు 1.2 రెట్లు ఎత్తు ఇచ్చి ఊరుకుంటాయి. తెలుగులో పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. "స్త్రీ" అని రాసిన వరసలో అడుగుభాగం కింది వరస "కి"తో పోట్లాడుకుంటుంది, బటన్ మీదైతే సగం తెగిపోతుంది. ఆ ఎత్తును 1.6, 1.7కు పెంచితే పేజీకి ఊపిరాడుతుంది. ఇంకొకటి, ఇంగ్లిష్ శీర్షికల్లో స్టైల్ కోసం అక్షరాల మధ్య ఖాళీ పెంచుతారు. అదే సెట్టింగ్ తెలుగుకు తగిలితే "పచ్చళ్ళు" అన్న మాట అతుకులు ఊడినట్టు కనిపిస్తుంది. దాన్ని సున్నా చేయాలి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఒక్క మాట రాయించడం కూడా మరిచిపోకూడదు. అది లేకపోతే తెరమీది మాటలు చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ తెలుగును ఏ గొంతుతో చదవాలో తెలియక తడబడుతుంది.

బటన్ల మీద మాటల సంగతి వేరే కథ. మెషీన్ అనువాదానికి అప్పగిస్తే "హోమ్" కాస్తా "ఇల్లు" అవుతుంది, "చెక్అవుట్" వచ్చి "తనిఖీ చేయండి" అవుతుంది. పచ్చడి కొనడానికి వచ్చిన మనిషి దేన్ని తనిఖీ చేయాలి? అచ్చ తెలుగు కోసం పట్టుబట్టినా చిక్కే. జనం ఆర్డర్ పెడతారు, డెలివరీ ఎప్పుడని అడుగుతారు, పేమెంట్ చేస్తారు. "కార్ట్‌లో వేయండి", "ఆర్డర్ పెట్టండి", "డబ్బు కట్టండి" అంటే చాలు. షాపులో ఎలా మాట్లాడతారో బటన్ మీదా అలాగే రాయాలి.

వెతికే పెట్టె దగ్గర ఈ భాష గొడవ ఇంకా ముదురుతుంది. ఆవకాయను తెలుగులో టైపు చేసేవాళ్ళు కొందరే, ఎక్కువమంది ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. మొదట ఒక "ఏ" పెట్టేవాళ్ళూ ఉంటారు, రెండు పెట్టేవాళ్ళూ ఉంటారు. చివర "వై" తగిలించేవాళ్ళు, "ఐ" తో ఆపేవాళ్ళు, అసలు మ్యాంగో పికిల్ అనేవాళ్ళు కూడా ఉంటారు. పండుమిరపకాయ పచ్చడిని పండుమిర్చి అంటారు, కొరివికారం అంటారు. తెలంగాణలో చాలామందికి అది పచ్చడి కాదు, తొక్కు. సైటు ఒక్క స్పెల్లింగే గుర్తుపట్టి మిగతా అన్నిటికీ "ఏమీ దొరకలేదు" అంటే, వచ్చినవాళ్ళు షాపులో ఆవకాయే లేదనుకుని వెళ్ళిపోతారు. ఒక్కో పచ్చడికి ఐదారు పేర్లు, స్పెల్లింగులు రాసి పెట్టుకునే వీలు చాలా ఆన్‌లైన్ స్టోర్ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. ఆ పేర్లు రాయాల్సింది మాత్రం సాఫ్ట్‌వేర్ మనిషి కాదు, ఫోన్ ఎత్తే మనిషి.

ఒక్క ఆర్డర్‌ను దగ్గర నుంచి చూస్తే

డాలస్‌లో ఉన్న కూతురు విజయవాడలో ఉన్న అమ్మకు అరకిలో గోంగూర, అరకిలో మాగాయ పంపాలనుకుంది అనుకుందాం. చాలా మామూలు ఆర్డర్. సైటు ఆమెను ఎన్నిచోట్ల ఆపుతుందో చూడండి.

మొదట ఫొటో. ఇంటర్నెట్‌లో కొన్న రెడీమేడ్ ఫొటో అయితే అందులో ఉన్నది ఉత్తరాది అచార్. ముక్కలు పసుపు పచ్చగా, మెంతులు, సోంపు తేలుతూ ఉంటుంది. టెంకతో కొట్టిన ముక్క, ఆవపిండి, ఎర్రటి నూనె తెలిసిన కన్ను దాన్ని అరక్షణంలో పట్టేస్తుంది. ఆ క్షణంలో పోయిన నమ్మకాన్ని "ఇంటి రుచి" అన్న మాట తిరిగి తేలేదు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, స్టీలు గిన్నెలో సొంత పచ్చడిని ఫోన్‌తో తీసినా అంతకంటే నయం.

తరవాత ధర. బరువు నొక్కగానే దాని ధర అక్కడే మారాలి. ఆ పక్కనే వెల్లుల్లి ఉందో లేదో, ఏ నూనె వాడారో, ఎన్ని నెలలు నిల్వ ఉంటుందో ఒక్కో ముక్కలో ఉండాలి. కొరియర్ చార్జీ చివరి పేజీలో పిడుగులా పడకూడదు. పచ్చడి కిలో ఉన్నా సీసా, ప్యాకింగ్ కలిపితే పార్శిల్ బరువు అంతకంటే ఎక్కువే కదా, ఆ చార్జీ కూడా తక్కువేం కాదు. పిన్‌కోడ్ ఆరంకెలు అడిగి మొత్తం ఎంతవుతుందో పచ్చడి పేజీలోనే చెబితే కొనేవాళ్ళు కొంటారు, లేనివాళ్ళు లేదు. మొదట తక్కువ ధర చూపించి, కట్టేటప్పుడు చార్జీలు ఒక్కొక్కటే కలపడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపు డిజైన్ల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో మొత్తం 13 రకాలున్నాయి. లేని తొందర పుట్టించడం, అడగని సరుకు కార్ట్‌లో దూర్చడం కూడా అందులోవే. పచ్చళ్ళ షాపు యజమానికి మోసం చేసే ఆలోచనే ఉండకపోవచ్చు. కానీ కొనుక్కున్న టెంప్లేట్‌లో "ఇంకా 2 మాత్రమే మిగిలాయి" అనే ఎర్ర పట్టీ, వెనక్కి తిరిగే గడియారం ముందే ఆన్ చేసి ఉంటాయి. వాటిని ఆఫ్ చేయించే బాధ్యత యజమానిదే.

ఇక అడ్రసు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు పెట్టెలు. ఇంటిపేరు ముందు రాసుకునే వాళ్ళం మనం, ఏది ఎక్కడ నింపాలో ప్రతిసారీ ఒక క్షణం ఆగాలి. "పేరు" అని ఒక్క పెట్టె పెడితే పోయేదేం లేదు. తరవాత డోర్ నంబరు. 27-14-6/2 అని కొట్టగానే "సరైన అంకెలు మాత్రమే వేయండి" అంటుంది ఫారం. ఆంధ్రాలో గీతలు, అడ్డగీతలు లేని డోర్ నంబరు ఎక్కడుంది? ల్యాండ్‌మార్క్‌కు ఒక పెట్టె ఉండాలి, ఎందుకంటే డెలివరీ కుర్రాడు వెతికేది నంబరును కాదు, "రామాలయం ఎదురు సందు"ను. ఫోన్ నంబరు నింపే చోట అంకెల కీప్యాడ్ దానంతటదే రావాలి. అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ పెట్టుకుంటే తప్ప ఆర్డర్ తీసుకోమనడం గల్లా దగ్గర ఆధార్ అడిగినట్టుంటుంది.

అసలు పీటముడి ఇంకొకటి. డబ్బు కట్టేది కూతురు, పార్శిల్ అందుకునేది అమ్మ. సైటులో ఫోన్ నంబరుకు ఒక్కటే పెట్టె. అందులో కూతురు తన అమెరికా నంబరు వేస్తే కొన్ని సైట్లు పది అంకెలే చాలంటూ ముందున్న ప్లస్ వన్‌ను మింగేస్తాయి. వేయనిస్తే, విజయవాడలో మధ్యాహ్నం గుమ్మం ముందు నిలబడ్డ కుర్రాడు డాలస్‌కు ఫోన్ చేస్తాడు. అక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటి ఉంటుంది. "ఆర్డర్ పెట్టేవారి నంబరు", "పార్శిల్ తీసుకునేవారి నంబరు" అని రెండు పెట్టెలు పెడితే ఈ గొడవే లేదు. ఏ విదేశీ టెంప్లేటూ దీన్ని ఊహించి ఇవ్వదు. ప్రవాసుల ఆర్డర్ల మీద నడిచే షాపుకు మిగతా డిజైన్ అంతా ఒక ఎత్తు, ఈ రెండు పెట్టెలు ఒక ఎత్తు.

ఆఖరున డబ్బు. 2016లో యూపీఐ వచ్చాక చిన్న షాపుకు ఇది తేలికైంది, చాలామంది క్యూఆర్ కోడ్ బొమ్మను సైటులో అంటించి పని అయిపోయిందనుకుంటారు. సైటు తెరిచింది ఫోన్లోనే, మరి ఆ కోడ్‌ను ఏ ఫోన్‌తో స్కాన్ చేయాలి? స్క్రీన్‌షాట్ తీసి, యాప్ తెరిచి, గ్యాలరీలో వెతికి తంటాలు పడాలి. ఫోన్లో ఉన్నవాళ్ళకు నేరుగా యూపీఐ యాప్ తెరిచే బటన్ ఉండాలి, క్యూఆర్ మాత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకు. డాలస్ కూతురికి కార్డు దారి కూడా కావాలి.

డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే మొదలయ్యే టెన్షన్ అందరికీ తెలిసిందే. యూపీఐతో వ్యాపారికి కట్టినప్పుడు ఇలా జరిగితే ఐదు రోజుల్లోపు డబ్బు వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. ఆ సంగతి, కాల్ చేయాల్సిన నంబరు, ఆర్డర్ వివరాలు పేమెంట్ తప్పిందని చెప్పే పేజీలోనే కనిపించాలి. "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అన్న ముక్క చూసి ఎవరికీ ధైర్యం రాదు.

మిగతావి చిన్నవి, కానీ వదిలేవి కావు

పసుపు, కుంకుమ రంగులు శుభప్రదమే. తెల్లటి పేజీ మీద పసుపు అక్షరాలు మాత్రం చదవడానికి పనికిరావు. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండటానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలి. తెలుపు మీద పచ్చి పసుపుకు అది 1.07. తెలుపు మీద పచ్చి ఎరుపు కూడా 4 దగ్గరే ఆగిపోతుంది. ముదురు కుంకుమ రంగుకు వెళితే సరిపోతుంది, ఎండలో నిలబడి చూసినా కనిపిస్తుంది.

కింద మూలన తేలే ఆకుపచ్చ వాట్సాప్ గుర్తు చాలా సైట్లలో సరిగ్గా "ఆర్డర్ పెట్టండి" బటన్ మీదే కూర్చుంటుంది. జనం ఆర్డర్ నొక్కబోయి వాట్సాప్‌లోకి వెళ్ళిపోతారు, అక్కడ మళ్ళీ "కిలో ఎంత అండీ?"

షాపు అసలు పేరు, పూర్తి అడ్రసు, ఫిర్యాదు ఎవరికి చేయాలో సైటులో పెట్టడం మర్యాద కోసమే కాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు అవి అడుగుతాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని కూడా అంటాయి. తినే సరుకు కాబట్టి ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండనే ఉంది. వీటిని పేజీ అట్టడుగున బూడిద రంగు చిన్న అక్షరాల్లో దాచడం ఎందుకో అర్థం కాదు. ముఖం తెలియని షాపును నమ్మడానికి కొనేవాళ్ళు వెతికేవి ఇవే.

ధర మార్చాలన్నా, "స్టాక్ లేదు" అని పెట్టాలన్నా సైటు చేసిన కుర్రాడికి ఫోన్ కొట్టాల్సి వస్తే ఆ సైటు ఎప్పుడూ పాతబడే ఉంటుంది. 800 డాలర్లలోపు పార్శిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసినప్పుడు, అక్కడికి పంపే షాపుల చార్జీల పేజీలు రాత్రికి రాత్రి తప్పులయ్యాయి. యజమాని తన ఫోన్ నుంచే రెండు నిమిషాల్లో దిద్దుకోగలగాలి. డొమైన్, అంటే సైటు అడ్రసు, ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో కూడా ఇప్పుడే చూసుకోవడం మంచిది. అది సైటు చేసినవాళ్ళ పేరు మీద ఉండిపోయి, వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేసినప్పుడు చాలా షాపులకు సంగతి తెలిసొస్తుంది.

ఇవన్నీ దిద్దాక బాగుందో లేదో చెప్పాల్సింది యజమానీ కాదు, డిజైనరూ కాదు. ఐదుగురు మామూలు మనుషులు చాలు. సైట్లు వాడటానికి ఎంత తేలికగా ఉన్నాయో పరీక్షించడంలో పేరున్న నిపుణుడు యాకోబ్ నీల్సన్ 2000లో వేసిన లెక్క ప్రకారం ఐదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయి. ఆ అంకె మీద వాదాలున్నాయి, కానీ చిన్న షాపుకు అంత లోతు అక్కర్లేదు. ఎప్పుడూ ఆన్‌లైన్‌లో కొనని ఓ అరవై ఏళ్ళ పెద్దమ్మకు ఆవిడ ఫోన్లోనే సైటు తెరిచి ఇచ్చి, "వెల్లుల్లి లేని ఆవకాయ అరకిలో మీ చెల్లెలి ఇంటికి పంపండి" అని చెప్పి పక్కన కూర్చోవాలి. ఆవిడ తప్పు చోట నొక్కినా "అక్కడ కాదమ్మా, పైన" అనకూడదు. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఆవిడ వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ కళ్ళజోడు సర్దుకుందో, ఎక్కడ "ఇదేంట్రా" అందో రాసుకోవాలి. ఈ పని ఫిబ్రవరిలోనో మార్చిలోనో పెట్టుకోవాలి. మామిడికాయ దిగి కొత్త ఆవకాయ ఆర్డర్లు మొదలయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో సైటులో ఒక్క బటన్ కూడా కదిలించకపోవడమే నయం.